మొగసాల గోడ మీద పొద్దు

రేడియోలో ఆ వార్త వినగానే దేలు చేతిలో జల్లెడ ఆగిపోయింది. వచ్చే గురువారం పొద్దెక్కే వేళకి సూర్యగ్రహణమట. పూర్తిగా పట్టదు, సగానికి కాస్త పైగా మూసుకుని మళ్ళీ విడుస్తుందట. రోజూ వేరుశెనక్కాయల ధరలు చెప్పే గొంతుతోనే రేడియో ఆయన ఈ మాటా చెప్పి, వట్టి కళ్ళతో ఎవరూ చూడకండి అని ఓ హెచ్చరిక పడేసి పాటలు పెట్టేశాడు.

"అయ్యో నా తల్లీ! మళ్ళీ వచ్చిందా ఇది?" అంది దేలు.

"వస్తే రానీ అక్కా," అంది తబావా మునగాకు దూస్తూ. "గ్రహణమంటే పిల్లి పొద్దును పట్టుకుంటుంది, పిల్లలు పళ్ళేలు వాయిస్తారు, అది జడుసుకుని వదిలేస్తుంది. మన దంబూ మనకి ఉడుకుతూనే ఉంటుంది."

"నువ్వు నవ్వుతావమ్మా, నీకేం. అప్పుడు నువ్వీ ఇంట్లో లేవు."

తబావా అప్పుడు లేని మాట నిజమే. పోయిన గ్రహణం తర్వాత రెండేళ్ళకి దేలుకి సవతిగా వచ్చింది. సవతులన్న మాటే గానీ ఇద్దరిదీ ఒకటే పొయ్యి, ఒకటే వ్యాపారం. జొన్నరవ్వలో మునగాకు కలిపి, అడుగున చిల్లులున్న మట్టికుండలో పోసి ఆవిరి పట్టిస్తే అదే దంబూ. గిదన్ బాటు ఊళ్ళో సగం ఇళ్ళు పొద్దున వీళ్ళ దంబూయే తింటాయి. ఇద్దరూ పూటకోసారి పోట్లాడుకోకపోతే కూర సహించదు, అది వేరే సంగతి.

వాళ్ళ మొగుడు బరావు సందుకి ఆవలివైపున్న మసీదులో అజాన్ ఇస్తాడు, అందుకే పెళ్ళాలకి కూడా ఆయన 'మలామ్', అంటే గురువుగారు. ఆయన గొంతెత్తితే సంతలో బేరం సగంలో ఆగిపోవాల్సిందే. గ్రహణం పట్టినప్పుడు మసీదులో వేరే నమాజు ఉంటుంది. సూర్యుడు పూర్తిగా విడిచేదాకా ఇమామ్ దాన్ని సాగదీస్తూనే ఉండాలి. లోపల వంగి లేస్తున్నవాళ్ళకి బయట సూర్యుడు ఏమయ్యాడో ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు చూసి చెప్పాలి. ఆ ఒకరు ఎప్పుడూ బరావే.

పోయినసారి గ్రహణం కూడా ఇలాగే దుమ్ము గాలుల కాలంలో పట్టింది. ఎడారి దుమ్ము ఆకాశాన్ని కమ్మితే సూర్యుడు ఉడికీ ఉడకని రొట్టెలా తెల్లగా కనిపిస్తాడు. కన్ను చిట్లించకుండా ఎంతసేపైనా చూడొచ్చు. ఇక్కడివాళ్ళందరూ చేసే పొరపాటే అది, చురుక్కుమనకపోతే ఏమీ కాదనుకుంటారు. బరావు మసీదు మెట్టు మీద నిలబడి, ఎడమకన్ను మూసి, గురి చూసేవాడిలా కుడికంటితో గ్రహణం విడిచేదాకా చూశాడు. నొప్పి లేదు, మంట లేదు. సాయంత్రానికి ఆ కంటి నడిమధ్యన ఓ మచ్చ వచ్చి కూర్చుంది. కూర్చున్నది మళ్ళీ లేవలేదు.

ఆ సాయంత్రం ఆయన మంచి కన్ను చేత్తో మూసుకుని దేలు వంక చూశాడు. "నీ తలగుడ్డ కనిపిస్తోంది. చెవిపోగులు కనిపిస్తున్నాయి. మొహం లేదే," అన్నాడు. అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఊళ్ళో మాత్రం కన్నుని దేవుడి పనిలో ఇచ్చానని ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాడు. ఆ ఏడుపు సంగతి దేలుకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు ఆయనకి మిగిలింది ఆ ఎడమకన్ను ఒక్కటే.

రేడియో వార్త విన్న ఆ పూటే బరావు హుషారుగా ఇంటికొచ్చాడు. సంతలో అప్పటికే కబురు తెలిసిపోయింది.

"ఇదిగో, విన్నావా?" అన్నాడు దేలుతో. మొదటి పెళ్ళాం పేరు మొగుడు నోటితో పలకడం వాళ్ళలో లేదు, కాబట్టి ఇన్నేళ్ళూ ఆవిడ ఆయనకి 'ఇదిగో'గానే ఉండిపోయింది.

"విన్నాను. ఈసారి ఎవరు చూస్తారు?"

"ఎవరు చూడటమేంటి? నేను లేనా?"

"ఉన్నారు. ఒంటికన్నుతో ఉన్నారు."

"ఈసారి జాగ్రత్తగానే చూస్తాలే. పక్కింటి గర్బా కాలు విరిగినప్పుడు ఆసుపత్రిలో తీసిన నల్లటి ఫోటో ఉందట కదా, అది అడ్డం పెట్టుకుంటా."

తబావా కిసుక్కున నవ్వింది. "బాగుంది మలామ్! గర్బా మోకాలి చిప్పలోంచి పొద్దును చూస్తారా? పొద్దుకి కాలు విరిగిందని చెప్తారు రేపు!"

"నువ్వు ఊరుకో తబావా. అది కాకపోతే పళ్ళెంలో నీళ్ళు పోసి, నీళ్ళలో చూస్తా. మా తాత అలాగే చూసేవాడు."

"మీ తాతకి ముసలితనంలో ఎవరు అన్నం కలిపి పెట్టారో గుర్తుందా?" అంది దేలు. "నీళ్ళలో కనిపించేది వేరే సూర్యుడా? పైనున్నవాడే కదా. కాల్చేవాడు ఎక్కణ్ణించి చూసినా కాలుస్తాడు."

బరావు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన మాట్లాడకుండా వెళ్ళిపోయాడంటే అనుకున్నది చేసి తీరతాడన్నమాట. ఇరవై గొర్రెల్ని తాడు లేకుండా తోలుకెళ్ళొచ్చు గానీ ఈ మనిషిని ఒక్క అడుగు పక్కకి తిప్పలేం కదా అనుకుంది దేలు.

మర్నాడు రేడియోలో ఎవరో టీచరమ్మ వచ్చి గ్రహణం గురించి చెప్పింది. తబావా చెవి రేడియోకి ఆనించి మరీ వింది. నల్లకళ్ళద్దాలు పనికిరావట, ఆసుపత్రి ఫోటోలు పనికిరావట, నీళ్ళు అసలే వద్దట. సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలట. అట్టముక్కకి చిన్న చిల్లు పెడితే అందులోంచి వచ్చిన వెలుతురు గోడ మీద సూర్యుడి బొమ్మగా పడుతుందట. ఆ బొమ్మని ఎంతసేపు చూసినా కంటికి ఏమీ కాదట.

"చిల్లట అక్కా," అంది తబావా. "చిల్లు కోసం అట్టముక్కలు వెతుక్కోవాలట పాపం. మన కుండనిండా చిల్లులేగా!"

దేలు ఒక్క క్షణం ఆవిణ్ణి చూసి, లేచి వెళ్ళి దంబూ కుండ తీసుకొచ్చింది. పెరట్లో ఎండలోకి వెళ్ళి, కుండని బోర్లించినట్టు మోకాలెత్తున పట్టుకుంది. నేల మీద చిల్లులన్నీ చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

"పడింది!" అంది తబావా.

"ఏం పడింది? ఇవి చిల్లుల నీడలే. అదిగో, ఆ విరిగిన చిల్లు చూడు, విరిగినట్టే పడింది."

నిజమే. కుండ అడుగున ఒక చిల్లు అంచు పోయిన ఏడు పెచ్చులూడి మూడు మూలలుగా తయారైంది. నేల మీద కూడా మూడు మూలలుగానే పడింది. సూర్యుడు మూడు మూలలుగా ఉంటాడా? ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. దేలుకి ఏడుపొక్కటే తక్కువ. ఇంత తేలిగ్గా దొరికిన దారి ఇంత తేలిగ్గానే పోయిందనుకుంది.

తబావా ఊరుకునే రకం కాదు. "ఆవిడ గోడ మీద అంది అక్కా, కాళ్ళ దగ్గర అనలేదు. దూరం పెట్టి చూద్దాం," అని నిచ్చెన వేసుకుని పిట్టగోడ ఎక్కింది. కుండని పైనుంచి పట్టుకుంటే, దేలు కింద గోడ నీడలో చాప పరిచి చూసింది. కుండ దూరమైన కొద్దీ చుక్కలు పెద్దవయ్యాయి, వెలవెలబోయాయి. మూడు మూలల చుక్క మూలలు మెల్లిగా అరిగి అరిగి, మిగతావాటిలాగే గుండ్రంగా మారింది.

"గుండ్రమైంది! తబావా, విరిగింది కూడా గుండ్రమైంది!" అని అరిచింది దేలు. "ఇది చిల్లు కాదే, పొద్దే! పొద్దు సొంత రూపమే ఇది!"

"మెల్లిగా అక్కా, పక్కింటివాళ్ళు మనకి పిచ్చెక్కిందనుకుంటారు," అంది తబావా. అని తనే గోడ మీద కూర్చుని చప్పట్లు కొట్టబోయింది. కుండ జారి పగలాల్సింది, కడుపుకి హత్తుకుని ఆపింది.

ఇక చోటు తేల్చుకోవడం మిగిలింది. పెరట్లో చుట్టూ వెలుతురే, బొమ్మ సరిగా ఆనడం లేదు. చీకటి కావాలి, దూరం కావాలి, మసీదుకి మాట అందాలి. ఇంటి ముందున్న మొగసాల ఈ మూడిటికీ సరిపోయింది. మందపు మట్టిగోడల గది అది. పెరటివైపు తలుపు మీద, పైన, గాలి కోసం వదిలిన కన్నం ఉంది. పొద్దుటి ఎండ అక్కణ్ణించే వస్తుంది. ఎదుటి గోడకి సందులోకి తెరుచుకునే వీధి తలుపు, ఆ తలుపు తీస్తే మసీదే. ఇద్దరూ కలిసి కుండని ఆ కన్నంలో ఇటుక ఎత్తు పెట్టి, మూతి లోపలికి, అడుగు పొద్దు వైపుకి తిప్పి అమర్చారు. చుట్టూ సందుల్లో పాతగుడ్డలు కుక్కి మట్టి మెత్తారు. పెరటి తలుపుకి చాపలు కట్టారు. ఎదురు గోడ మీద అరచేతిలో పట్టేంత పొద్దులు పది పదిహేను వరసగా వెలిగాయి. దేలు వాటి ముందు నిలబడితే ఒకటి ఆవిడ భుజం మీద కూర్చుంది.

బరావు వచ్చి చూసి చిరాకుపడ్డాడు. "ఏంటిది? గురువారం ఊరంతా ఆడాళ్ళ వంటకుండ చూసి నమాజు ముగించాలా? నా పరువు ఏమైనా ఉంచుతారా?"

"పరువుకి కళ్ళు రావు కదా మలామ్," అంది తబావా.

గొడవ ముదిరేదే గానీ ఆ సమయానికి ఇమామ్ ఇలూ వచ్చాడు. గురువారం నమాజులో ఎంతసేపు చదవాలో మాట్లాడుకుందామని వచ్చాడు పెద్దాయన. ఆడవాళ్ళిద్దరూ చాప వెనక్కి తప్పుకున్నారు. తప్పుకున్నా దేలు నోరు తప్పుకోలేదు.

"ఇమామ్‌గారూ, ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. సూర్యుడు విడిచాడని తెలిస్తే చాలా, లేక కన్నెత్తి ఆయన్ని చూసి తీరాలా?"

ఇమామ్ గోడ మీది పొద్దుల్ని చాలాసేపు చూశాడు. వాటి మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "తెలిస్తే చాలమ్మా. బరావూ, నాకు కావలసింది కబురు, నీ కన్ను కాదు. కాకపోతే కబురు ఆలస్యం కానివ్వకు నాయనా, నా మోకాళ్ళు నీ గొంతంత గట్టివి కావు."

బరావు మెత్తబడ్డాడు గానీ పూర్తిగా లొంగలేదు. "సరే. మీ కుండ కనిపించినంతసేపూ కుండే చూస్తా. కుండ మాట్లాడకపోతే మాత్రం బయటికెళ్ళి ఒక్కసారి చూస్తా. అప్పుడు నాకు అడ్డురాకూడదు. ఒప్పుకుంటావా?"

దేలు ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే అదీ ఉండదని ఆవిడకి తెలుసు.

గురువారం తెల్లారేసరికి దుమ్ము గాలి రేగింది. దేలు పెరట్లో నిలబడి ఆకాశం వంక చూడబోయి, చప్పున తల దించుకుంది. అంతటి జాగ్రత్త మనిషినీ లాగేస్తుంది ఆ తెల్లటి బిళ్ళ. "చూడు, నేనే చూడబోయాను," అంది తబావాతో. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. దంబూ కోసం గిన్నెలతో వచ్చినవాళ్ళని కుండ వేరే పని మీద వెళ్ళిందని చెప్పి తబావా తిప్పి పంపింది.

ముగ్గురూ మొగసాలలో చేరి తలుపులు వేసుకున్నారు. దుమ్ములోంచి వచ్చినా గోడ మీద పొద్దులు పడ్డాయి, కాస్త పాలిపోయి ఉన్నాయంతే. బరావు చాప మీద పొద్దుకి వీపు పెట్టి కూర్చున్నాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక పొద్దు అంచున చిన్న నొక్కు పడింది. పక్కదాన్నీ చూస్తే దానికీ అదే నొక్కు. వరసలో అన్నిటికీ ఒకే చోట ఎవరో కొరికినట్టుంది.

"పట్టింది!" అన్నాడు బరావు. వీధి తలుపు ఓరగా తీసి, నమాజుకి రమ్మని గొంతెత్తి పిలిచాడు. సందులో చెప్పుల చప్పుడు, దూరంగా పిల్లలు పళ్ళేలు వాయించడం మొదలైంది. "పిల్లీ, వదులు, పొద్దును వదులు!" అని అరుస్తున్నారు. ఆయన తలుపు మూసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

పొద్దులు తరిగి తరిగి కొడవళ్ళయ్యాయి. గోడ మీద పదిహేను కొడవళ్ళు! విరిగిన చిల్లుదీ కొడవలే. బరావు ఎవరూ పిలవకుండానే ముందుకి జరిగి, ఒకదాని మీద వేలు పెట్టి దాని వంపు వెంట గీశాడు.

"పోయినసారి నేను ఇంత తీరుగా చూడలేదు," అన్నాడు మెల్లిగా. "అప్పుడు అంతా తెల్లగా ఉండేది."

"అప్పుడు నన్ను చేసుకోలేదు కదా, అందుకని," అంది తబావా. "రెండు కళ్ళూ ఉండి ఉంటే చేసుకునేవారు కాదేమో, ఖర్మ!"

ఆయన నవ్వాడు. దేలుకి ప్రాణం లేచొచ్చింది. కొడవళ్ళు కాసేపటికి లావెక్కడం మొదలుపెట్టాయి. గోడ మీంచి కిందికి జారుతూ, ఒక్కొక్కటీ నేల మీది చాప అంచుకి చేరాయి. ఇంకాస్త ఓపిక పడితే గుండ్రమైపోతాయి. సరిగ్గా అప్పుడు గాలి ఊపందుకుంది. గుప్పున దుమ్ము లేచి పొద్దులు వెలిసిపోయాయి. ముందు అంచులు పోయాయి, తర్వాత వరసే పోయింది. మొగసాలలో మిగిలింది మసక ఒక్కటే.

ముగ్గురూ ఎదురుచూశారు. ఎదుటి మసీదులోంచి ఇమామ్ చదవడం వినిపిస్తోంది. గొంతు అలిసిపోయింది పాపం, మధ్యమధ్య దగ్గు అడ్డొస్తోంది.

బరావు లేచాడు. "ముసలాయన పడిపోతాడు. కుండ మాట్లాడటం లేదు. ఒప్పుకున్న మాట ప్రకారం నేను వెళ్తున్నా."

"ఇంకాసేపు మలామ్," అంది తబావా. ఈసారి ఆవిడ గొంతులో వేళాకోళం లేదు.

"ఒక్క చూపు. ఒక్కటే. దుమ్ములో ఏం కాదు, సూర్యుడు చల్లగా ఉంటాడు."

ఆయన చెయ్యి గడియ మీద పడింది. దేలు లేచి వెళ్ళి ఆయనకీ తలుపుకీ మధ్య నిలబడింది. అడ్డురానని ఒప్పుకున్న మాట ఆవిడకి గుర్తుంది. గుర్తుండే నిలబడింది.

"మాట తప్పుతున్నాను, నిజమే," అంది. "తర్వాత తిట్టండి, పడతాను. ముందు ఆ మంచి కన్ను మూసి నన్ను చూడండి."

"ఇప్పుడా? ఏంటిది?"

"మూయండి."

ఏమనుకున్నాడో, రెండో అరచెయ్యి ఎడమకంటి మీద పెట్టుకున్నాడు. తలుపు సందుల్లోంచి వచ్చే వెలుతురులో దేలు కదలకుండా నిలబడింది.

"ఏం కనిపిస్తోంది?"

"తలగుడ్డ."

"ఇంకా?"

"చెవిపోగులు."

"అంతేనా?"

ఆయన కంటి మీది చెయ్యి దించేశాడు.

"ఆ తలుపు తీస్తే రెండో కంటికీ మిగిలేది అదే మలామ్. తలగుడ్డా చెవిపోగులూ! తబావాది కూడా అంతే. నా మొహం మీరు మళ్ళీ చూడరు. నాకు భయంగా ఉంది. ఆ సాయంత్రం మీరు ఏడ్చినప్పుడు కూడా నాకింత భయం వెయ్యలేదు."

తబావా తల తిప్పి దేలుని, తర్వాత మొగుణ్ణి చూసింది. ఏడ్చాడా? ఈయనా? అడగలేదు. అడిగే సమయం కాదని ఆవిడకీ తెలుసు.

బరావు చెయ్యి గడియ మీంచి జారింది. చాప మీద కూలబడ్డాడు. "మరి ఏం చెయ్యమంటావు?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, నిజంగానే తెలియక అడిగాడు.

దేలు చుట్టూ చూసింది. ఈ కాస్త వెలుతురు ఎక్కణ్ణించి వస్తోంది? వీధి తలుపు చెక్కల సందుల్లోంచి, గడప కిందినుంచి. "మనకి వెలుతురు చాలక కాదు," అంది. "చీకటి చాలక." తలగుడ్డ ఊడదీసి గడప కింద కుక్కింది. తబావా తన పైగుడ్డ తీసి తలుపు చెక్కల మీద అదిమి పట్టుకుంది. బరావు కూడా లేచి, తన పొడుగాటి అంగీ విప్పి మిగిలిన సందుకి అడ్డం పెట్టాడు. మొగసాల చీకటిగుయ్యారం అయిపోయింది. ఒకరికొకరు కనిపించడం మానేశారు. పళ్ళేల మోత, ఇమామ్ దగ్గు, వాళ్ళ ఊపిరి, అంతే.

"ఏమైనా ఉందా?" అంది తబావా.

"లేదు," అంది దేలు. ఆవిడ కళ్ళకి ఏమీ ఆనలేదు.

"ఉంది," అన్నాడు బరావు.

ఆయన చాప మీద మోకాళ్ళూని నేలకి మొహం దించాడు. చాప మీద ఉందో లేదో అన్నంత పల్చగా పదిహేను పొద్దులున్నాయి. ఆయన ఒక్కటొక్కటే చూసుకుంటూ పోయాడు, తొందరపడలేదు. విరిగిన చిల్లుదాని దగ్గర ఆగాడు. "ఇంకా చిన్న నొక్కుంది," అన్నాడు. దేలూ తబావా తలుపు మీది గుడ్డల్ని అదిమి పట్టుకునే నిలబడ్డారు. చాలాసేపటికి ఆయన తలెత్తాడు.

"నిండింది."

అంగీ తొడుక్కుని తలుపు తీశాడు. దేలు గడపలోంచి చూస్తూనే ఉంది. ఆయన సందులోకి వెళ్ళి, పొద్దుకి వీపు తిప్పి, మసీదు గోడవైపు మొహం పెట్టి, గ్రహణం విడిచిందని గొంతెత్తి చెప్పాడు. లోపల ఇమామ్ ఆఖరిసారి వంగి లేచాడు. ఊరికి ఊరే హమ్మయ్య అన్నట్టు ఒక్కసారిగా సందడి రేగింది. ఒక పక్క పిల్లలు, మేమే పిల్లిని తరిమామని అరుస్తూ పరిగెత్తారు.

మధ్యాహ్నం కుండ కిందికి దించారు. దానికి మెత్తిన మట్టి కడిగి, పొయ్యి మీద పెట్టి, ఆలస్యంగా దంబూ వండారు. ఇమామ్‌కి పెద్ద గిన్నె పంపారు. తిట్టాల్సిన తిట్లు బరావు తిట్టలేదు. తబావా కాచుక్కూర్చున్నా ఏడుపు సంగతి ఎవరూ ఎత్తలేదు.

దేలు ఆయన ముందు గిన్నె పెట్టి కూర్చుంది. ఆయన తినకుండా, కుడికన్ను అరచేత్తో మూసుకుని, ఎడమకంటితో ఆవిణ్ణే చూస్తున్నాడు.

"ఏంటలా చూస్తారు? చల్లారిపోతుంది, తినండి."

"ఉంది," అన్నాడు.

"ఏముంది?"

"మొహం," అన్నాడు బరావు. చెయ్యి దించి, దంబూ ముద్ద చేసుకున్నాడు.